పొలమారలేదు కాబట్టే తెలియలేదు

మా పాపకి పాలు తాగేటప్పుడు ఒక్కసారి కూడా పొలమారలేదు. అందుకే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని ఎవరికీ అనుమానం రాలేదు. ఏడాది నిండేలోపు మూడుసార్లు న్యుమోనియా. ఒక డాక్టరుగారు ఛాతీ చూశారు, ఒకరు రిఫ్లక్స్‌కి, అంటే తాగింది కడుపులోంచి పైకి తన్నుకురావడానికి, మందు రాశారు, ఇంకొకరు గొంతు చూసి బాగానే ఉందన్నారు. ముగ్గురూ మంచి డాక్టర్లే. కానీ ఒకరితో ఒకరు ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మధ్యలో ఫైళ్లు మోసింది నేను.

చివరికి ఒక స్పీచ్ థెరపిస్టు (మాటతోపాటు మింగడాన్నీ చూసేది వీళ్లే) "తాగుతుంటే చూస్తానమ్మా" అని పక్కన కూర్చున్నారు. నాలుగు గుక్కలయ్యాక పాప గొంతులో తడి గరగర. ఆవిడ దాన్ని పట్టుకున్నారు. ఎక్స్‌రేలో కనబడేలా బేరియం కలిపిన పాలు తాగిస్తూ ఎక్స్‌రే వీడియో తీశారు. ఆహారనాళంలోకి దిగాల్సిన నల్లటి సన్నని చార ముందువైపు శ్వాసనాళంలోకి జారిపోయింది. పాప దగ్గలేదు, మొహం కూడా చిట్లించలేదు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. దీన్ని సైలెంట్ ఆస్పిరేషన్ అంటారు.

కారణం స్వరపేటిక వెనక గోడలో చిన్న చీలిక. పైపైన కెమెరాతో చూస్తే అది దొరక్కపోవచ్చు. మత్తిచ్చి, పరికరంతో ఆ చోటుని విడదీసి చూస్తేనే బయటపడింది.

గాలి, మాట, మింగడం, మూడూ కలిసే కూడలి గొంతు. దాన్ని మూడు డిపార్ట్‌మెంట్లుగా పంచుకుంటే ఎలా? పుట్టిన బిడ్డకి స్వరపేటిక కింద దారి దాదాపు 4 మిల్లీమీటర్లే. చుట్టూ 1 మిల్లీమీటరు వాచిందంటే గాలికి మిగిలేది పావు వంతు జాగా. ఇలాంటి పిల్లల్ని ఈఎన్‌టీ, ఊపిరితిత్తుల, జీర్ణకోశ డాక్టర్లు, స్పీచ్ థెరపిస్టు కలిసి చూడాలి. ఆ ముగ్గురు డాక్టర్లూ కెమెరా పంపి చూసే మూడు ఎండోస్కోపీలూ ఒకే మత్తులో చేయొచ్చు. చేస్తున్నచోట చేస్తున్నారు కూడా. మరి మిగతాచోట్ల పసిబిడ్డకి మూడుసార్లు మత్తెందుకు?

ఇంకో మాట. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమంటే "పెరిగితే పోతుందిలే" అంటారు. స్వరపేటిక మెత్తగా ఉండటం వల్లయితే చాలామందికి రెండేళ్లలోపు పోతుంది, నిజమే. కానీ బరువు పెరగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగకండి. పెదాలు నీలంగా మారితే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వారాల తరబడి గొంతు బొంగురుగా ఉంటే, అరిచి అరిచి అలా అయిందని మీరే తేల్చేయకండి.

ఎన్నిసార్లు న్యుమోనియా వచ్చిందో అందరూ అడిగారు. ఎలా తాగుతోందో అడిగింది ఆవిడ ఒక్కరే.