జీతానికి రెండు లెక్కలా?

జూన్ 15 గడువు దగ్గరపడేసరికి ఉద్యోగుల చేతికి ఫారం 16 వస్తుంది, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను లెక్కలతో కంపెనీ ఇచ్చే పత్రం. తెరిచి చూసిన కుర్రాళ్లకు గుండె గుభేలుమంటోంది. ఆఫర్ లెటర్‌లో 12 లక్షలన్నారు, ఇందులో 10 లక్షలు కూడా లేవేంటి? హెచ్ఆర్‌ను అడిగితే ‘ట్యాక్స్, కటింగ్స్ ఉంటాయి కదా’ అనే జవాబు. ఆ జవాబు అబద్ధం.

12 లక్షల సీటీసీనే (ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) తీసుకుందాం. బేసిక్ సగం అనుకుంటే 6 లక్షలు. దానిమీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 72,000. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) పేరిట 4.81 శాతం, 28,860. ఆరోగ్య బీమా ప్రీమియం ఓ 12,000. వేరియబుల్ పే 1,20,000, అది ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఇవ్వని ఏడాది ఫారం 16లో కనిపించే స్థూల జీతం 9,67,140. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 72,000, వృత్తి పన్ను 2,400 పోతే నెలకు బ్యాంకులో పడేది 74,400 లోపే. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాక ఈ జీతానికి ఆదాయపు పన్ను పైసా కూడా పడదు. నెలకు లక్ష అనుకున్నది 74 వేలు కావడంలో సర్కారు కోత ఏడాదికి 2,400 మాత్రమే. ఉద్యోగి వాటా పీఎఫ్ పక్కన పెడితే, మిగతాదంతా సీటీసీ రాసినవాళ్ల పనే.

పీఎఫ్, బీమా తమకు ఖర్చేనని కంపెనీలు అంటాయి. కాదనం, పీఎఫ్ ఉద్యోగి ఖాతాకే చేరుతుంది కూడా. కానీ గ్రాట్యుటీ? మామూలుగా అయిదేళ్లు పనిచేస్తేనే వచ్చే డబ్బును, రెండు మూడేళ్లకే కంపెనీ మారే రంగంలో, మొదటి ఏడాది జీతంలో ఎలా కలుపుతారు?

ఒకే జీతం, ఒకే కంపెనీ. పన్నుల శాఖకు ఒక అంకె, అభ్యర్థికి ఇంకో అంకె. శాఖకు తప్పు లెక్క ఇస్తే జరిమానా ఉంది, అందుకే అక్కడ నిజం చెబుతారు. అభ్యర్థికి ఏం చెప్పినా అడిగేవాడు లేడు. సీటీసీ అనే మాటకు ఆదాయపు పన్ను చట్టంలోనూ, వేతన కోడ్‌లోనూ నిర్వచనమే లేదు.

కంపెనీల దారిలోనే ఇంజినీరింగ్ కాలేజీలు నడుస్తున్నాయి. కౌన్సెలింగ్ సీజన్ రాగానే పిల్లల ఫొటోలతో, ప్యాకేజీ అంకెలతో కూడళ్ల నిండా ఫ్లెక్సీలు. వాటిని చూసి తల్లిదండ్రులు అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీట్లు కొంటున్నారు. పెళ్లి సంబంధాలూ ఆ అంకె మీదే కుదురుతున్నాయి. హోమ్ లోన్‌కు వెళ్తే మాత్రం బ్యాంకు సీటీసీని పట్టించుకోదు, ఫారం 16, పే స్లిప్పులు తెమ్మంటుంది. బ్యాంకు నమ్మని అంకెను ఊరంతా నమ్మాలా?

దీనికి కమిటీలు అక్కర్లేదు. ఆఫర్ లెటర్ మొదటి పేజీలో రెండు వరుసలు రాస్తే చాలు: ఏడాది చివర ఫారం 16లో చూపే స్థూల జీతం ఎంత, నెలనెలా చేతికొచ్చేది ఎంత. రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలు కంపెనీలను పిలిచి ఈ మాట చెప్పాలి. ఇంతకాలం ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

కంపెనీలకు ఇది తెలియని లెక్క కాదు. మొదటి నెల జీతం వేసేటప్పుడే పేరోల్‌లో ఆ అంకె ఉంటుంది. ఇరవై రెండేళ్ల పిల్లల ముందు పెద్ద అంకె పెట్టి సంతకం చేయించుకుని, ఏడాది తిరిగాక ‘మీకు లెక్క అర్థం కాలేదు’ అని పాఠాలు చెప్పడం ఇకనైనా మానండి.