నవంబరులోనే తీర్పా?

2024 ఏప్రిల్ 14న అమెరికాలోని లెగ్జింగ్టన్‌లో ఉన్న రప్ అరీనాలో మ్యాచ్ ఏదీ లేదు. అయినా 20 వేలకు పైగా సీట్లున్న ఆ స్టేడియం నిండిపోయింది. కెంటకీ విశ్వవిద్యాలయ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్‌గా వచ్చిన మార్క్ పోప్, ఇదే జట్టు ఆటగాడిగా 1996లో తాను గెలిచిన జాతీయ టైటిల్ ట్రోఫీని పట్టుకుని బస్సు దిగేసరికి జనం ఊగిపోయారు. కోచ్ దొరికాడు, ట్రోఫీ కళ్లెదుటే ఉంది, లేనిదల్లా జట్టే. పదిహేనేళ్లు ఆ జట్టును నడిపిన జాన్ కాలిపారి ఆర్కన్సా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాక ఆటగాళ్లలో కొందరు ఎన్‌బీఏ బాట పట్టారు, కొందరు వేరే కళాశాలలు చూసుకున్నారు. స్కాలర్‌షిప్ ఉన్నవారిలో చివరికి ఒక్కరూ మిగల్లేదు. అభిమానుల నోట మాత్రం తొమ్మిదో టైటిల్ మాటే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ ఆశను వెక్కిరించడం మా ఉద్దేశం కాదు. ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచిన జట్టది. చివరిది 2012లో వచ్చింది. 2024 మార్చిలో ఓక్లాండ్ అనే చిన్న విశ్వవిద్యాలయం చేతిలో 80-76తో జాతీయ టోర్నీ తొలి రౌండ్లోనే ఇంటిముఖం పట్టింది. ఓక్లాండ్ ఆటగాడు జాక్ గోల్కీ ఒక్కడే ఆ రోజు మూడు పాయింట్ల షాట్లు పది వేశాడు. అలాంటి ఓటమి తర్వాత అభిమానికి ఆకలి వేయడం సహజమే. నవంబరులో మొదలయ్యే సీజన్లో ఏ నెలలో ఎంత ఆశించాలో లెక్క లేకపోవడమే చిక్కు.

ఆట నిబంధనలు మారిన తీరు ఈ ఆత్రానికి ఆజ్యం పోసింది. ఒకప్పుడు కళాశాల మారిన బాస్కెట్‌బాల్ ఆటగాడు సాధారణంగా ఏడాదిపాటు బెంచీకే పరిమితం కావాల్సి వచ్చేది. 2021లో ఒక్కసారి మారేవారికి ఆ షరతు ఎత్తేశారు. 2024 ఏప్రిల్ నాటికి, చదువులో వెనకబడకుంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చన్నారు. ఆటగాళ్లకు తమ పేరు మీద, బొమ్మ మీద సంపాదించుకునే వీలు 2021 జులైలో వచ్చింది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, అన్ని క్రీడలకూ కలిపి తొలి ఏడాది పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. 2025లో, కళాశాల మారాలనుకునేవారు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచి ఉంచింది మార్చి 24 నుంచి ఏప్రిల్ 22 దాకా, ముప్ఫై రోజులే. ఐపీఎల్ మెగా వేలానికైనా కొందరిని ముందే అట్టిపెట్టుకునే వెసులుబాటు ఉంటుంది. ఇక్కడ ఉన్నవాడు ఉంటాడో లేదో తేలకముందే కొత్తవాడితో బేరం కుదుర్చుకోవాలి.

ఆ ముప్ఫై రోజుల్లో అభిమాని చేసే మొదటి తప్పు కూడిక. ఫలానావాడు కిందటేడు మ్యాచ్‌కు 18 పాయింట్లు కొట్టాడు, ఇంకొకడు 16, మరొకడు 15 అని వరసగా కలిపి, ఐదుగురికీ 80 దాటిందని సంబరపడతాడు. కోర్టులో ఉన్నది ఒక్క బంతే. కళాశాల మ్యాచ్ 40 నిమిషాలు, ఐదుగురు ఆడతారు కాబట్టి కోచ్ చేతిలో పంచడానికి ఉన్నవి 200 నిమిషాలు. ఒక్కో జట్టుకు బంతి చేతికొచ్చేది మ్యాచ్‌కు అటూ ఇటూగా 70 సార్లు. చిన్న కళాశాలలో జట్టు దాడుల్లో 28 శాతం తన చేతిమీదుగా ముగించిన ఆటగాళ్లు ఐదుగురిని తెస్తే మొత్తం 140 శాతం అవుతుంది. ఆ పైనున్న 40 శాతాన్ని ఎవరో ఒకరు వదులుకోవాలి. కిందటేడు హీరోగా ఉన్నవాడు ఈసారి స్క్రీన్ పెట్టి (ప్రత్యర్థి దారికి అడ్డంగా నిలబడి), రీబౌండ్‌కు, అంటే తప్పిన షాట్ బంతికి దూకి, మూలన నిలబడి పాస్ కోసం ఎదురుచూడాలి. డబ్బు తీసుకుని వచ్చినవాడికి ఆ సంగతి చెప్పి ఒప్పించడమే కోచ్‌కు వేసవి పని.

పోప్ మొదటి ఏడాది ఆ పని బాగానే చేశాడు. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అమారి విలియమ్స్ అక్కడ వరసగా మూడేళ్లు తన కాన్ఫరెన్స్‌లో, అంటే తన లీగ్‌లో ఉత్తమ డిఫెండర్. పోప్ అతణ్ని రింగ్‌కు దూరంగా నిలబెట్టి పాస్‌లు ఇచ్చే కూడలిగా మార్చాడు. డేటన్‌లో మూడు పాయింట్ల షాట్లలో 49.8 శాతం సాధించిన కోబీ బ్రియాకు ఆ పాస్‌లు అందాయి. ఓక్లహోమాలో మ్యాచ్‌కు 11.4 పాయింట్లు చేసిన ఒటేగా ఒవే ఇక్కడ 16.2తో జట్టులో మొదటివాడయ్యాడు. వాళ్లలో ఎక్కువమంది నాలుగైదేళ్లు కళాశాల ఆట ఆడినవాళ్లు, కొత్త కుర్రాళ్లు కారు. ఈ తేడా చూడకుండా ‘పన్నెండు మంది కొత్తవాళ్లు’ అని ఒకే గాటన కట్టేయడం కూడా పొరపాటే.

దాడి ఇలా త్వరగానే కుదురుతుంది. కుదరనిది డిఫెన్స్. వేసవిలో ఎనిమిది వారాలు, వారానికి ఎనిమిది గంటలు, అందులో కోర్టు మీద ఆట నేర్పడానికి నాలుగే. తొలి మ్యాచ్‌కు ముందు 42 రోజుల్లో 30 ప్రాక్టీసులు. సీజన్ మొదలయ్యాక వారానికి 20 గంటలు, ప్రయాణాలు దానికి అదనం.

ఒక్క స్క్రీన్ చూడండి. ప్రత్యర్థి గార్డు బంతితో కుడివైపు కదులుతాడు. వాళ్ల పొడుగు ఆటగాడు వచ్చి మన గార్డుకు అడ్డంగా నిలబడతాడు. ఆ క్షణంలో మన పొడుగువాడు గట్టిగా అరిచి చెప్పాలి: వెనక్కి తగ్గి రింగ్ కాయాలా, ఎదురెళ్లి బంతిని ఆపాలా, మనిషిని మార్చుకోవాలా అని. మూలన ఉన్న మూడోవాడు ఆ అరుపు విని ఒక అడుగు లోపలికి వేసి, మళ్లీ తన మనిషి మీదకు పరుగెత్తాలి. ఒకడు పాత కళాశాలలో వెనక్కి తగ్గడం నేర్చుకుని ఉంటాడు, ఇంకొకడు మార్చుకోవడం. అర సెకను తటపటాయిస్తే ఎవరికి వారే యమునా తీరే. బంతి మూలకు చేరుతుంది, రింగ్‌కు దాదాపు 22 అడుగుల దూరంలో ప్రత్యర్థి ఒంటరిగా ఉంటాడు. టీవీలో మనకు కనిపించేది షాట్ పడటమే. తప్పు అంతకు మూడు సెకన్ల ముందు, అరవని నోటిలో ఉంటుంది.

కెంటకీ 2024-25 సీజన్ అంతా ఇలాగే నడిచింది. నవంబర్ 12న అట్లాంటాలో, అందరి కళ్లూ పడ్డ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ ఉన్న డ్యూక్ జట్టును 77-72తో ఓడించగానే అంచనాలు ఆకాశానికెక్కాయి. జనవరిలో సొంతగడ్డపై 97 పాయింట్లు చేసి కూడా అలబామాకు 102 సమర్పించి ఓడింది. ఫిబ్రవరి 1న అదే రప్ అరీనాకు ఆర్కన్సాతో వచ్చిన కాలిపారి 89-79తో గెలిచి వెళ్లాడు. కెర్ క్రీసా పాదం, లామాంట్ బట్లర్ భుజం, జాక్సన్ రాబిన్సన్ మణికట్టు దెబ్బతిన్నాయి. కలిసి ఆడిందే నాలుగు నెలలైన జట్టులో ఒకరు పడిపోతే ఆ ఖాళీ పూడ్చడం తెలిసినవాడు బెంచీ మీద ఉండడు. చివరికి 24 గెలుపులు, 12 ఓటములు, జాతీయ టోర్నీలో మూడో సీడ్, స్వీట్ 16 (చివరి పదహారు జట్ల దశ). లీగ్ సీజన్‌లో రెండుసార్లు ఓడించిన టెనెసీతోనే మూడోసారి 78-65తో ఓడింది. టెనెసీ గార్డు జకాయ్ జీగ్లర్ నాలుగేళ్లుగా అదే జట్టులో, అదే కోచ్ దగ్గర ఉన్నాడు. కెంటకీ ఆడే ఎస్‌ఈసీ లీగ్ నుంచి 16 జట్లలో 14 జాతీయ టోర్నీకి వెళ్లిన ఏడాది అది. ఆ లీగ్‌లో 10-8 (పది గెలుపులు, ఎనిమిది ఓటములు) చిన్న ఫలితం కాదని అప్పట్లోనే గట్టిగా చెప్పాల్సింది.

పక్కింటి జోరు చూసి మనకెందుకు రాదనడం ఇంకో అలవాటు. 8-24తో అట్టడుగున ఉన్న లూయివిల్ ఒక్క ఏడాదిలో 27-8కు ఎగబాకింది. మిషిగన్ కూడా 8-24 నుంచి 27-10కు లేచింది. రెండుచోట్లా కొత్త కోచ్ తన పాత కళాశాల నుంచి తన పద్ధతి తెలిసినవాళ్లను వెంట తెచ్చుకున్నాడు. లూయివిల్ కోచ్ ప్యాట్ కెల్సీతో చార్ల్స్‌టన్ నుంచి రేన్ స్మిత్ వచ్చాడు, మిషిగన్ కోచ్ డస్టీ మేతో ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వ్లాడిస్లావ్ గోల్డిన్. వీళ్లు లాకర్ రూమ్‌లో కోచ్ మాటకు దుబాసీలు. అయినా లూయివిల్ జాతీయ టోర్నీలో తొలి మ్యాచ్‌లోనే క్రైటన్‌కు 89-75తో తలవంచింది, అదీ రప్ అరీనాలోనే.

2025లో టైటిల్ గెలిచిన ఫ్లోరిడా సంగతి ఇంకా ముఖ్యం. అదీ పోర్టల్‌తో కట్టిన జట్టే, అయితే విడతలుగా కట్టింది. కోచ్ టాడ్ గోల్డెన్ మొదటి ఏడాది 16-17. రెండో ఏడాది 24-12, తొలి రౌండ్లోనే కొలరాడో చేతిలో 102-100తో ఓటమి. మూడో ఏడాది 36-4. టైటిల్ పోరులో హ్యూస్టన్‌ను 65-63తో ఓడించిన ఆ జట్టు మొదటి ఐదుగురిలో వాల్టర్ క్లేటన్, విల్ రిచర్డ్, అలెక్స్ కాండన్ అంతకుముందు ఏడాదీ ఉన్నవారే. కొత్తగా తెచ్చుకున్నది అలిజా మార్టిన్, రూబెన్ చిన్యేలులను. రెండు కన్నాలు పూడ్చారు, ఇల్లు మాత్రం కూల్చలేదు.

పోప్ రెండో ఏడాదికి ఈ ఓపిక అడుగంటింది. జట్టుకు దాదాపు 2.2 కోట్ల డాలర్లు ఖర్చయిందని పత్రికలు రాశాక అభిమాని కొలత మారిపోయింది. 2025 డిసెంబర్ 5న నాష్‌విల్‌లో గొంజాగా జట్టు 94-59తో చితక్కొడుతుంటే సొంత అభిమానులే హేళనగా అరిచారు. ముప్ఫై అయిదు పాయింట్ల తేడాకు ‘ఇంకా కుదురుకుంటున్నాం’ అనే సమాధానం చెల్లదు, ఆ అరుపుల్ని తప్పుపట్టలేం. రెండో ఏడాదీ ఎక్కువగా కొత్తవాళ్లతోనే మొదలుపెట్టాల్సి రావడానికి మొదటి ఏడాది నాలుగైదేళ్ల అనుభవజ్ఞుల మీద ఆధారపడటమే కారణం. వాళ్లలో దాదాపు అందరూ ఒకేసారి అర్హత ముగించుకుని వెళ్లిపోయారు. ఆ ఎత్తుగడకు బాధ్యత కోచ్‌దే.

కాబట్టి మా సూచన ఇది. డిసెంబరు దాకా స్కోరు కంటే టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడాలు), మూలల్లో ప్రత్యర్థికి దొరుకుతున్న ఖాళీ షాట్లు చూడండి. అవి వారం వారం తగ్గుతుంటే జట్టు కుదురుకుంటున్నట్టే. జనవరిలో పరాయి గడ్డపై ఆటను చూడండి. ఫిబ్రవరి రెండో వారం దాటాక కొత్త జట్టనే మినహాయింపు ఎవరికీ ఇవ్వొద్దు. మళ్లీ పోర్టల్ తెరిచిన రోజున, వచ్చేవాళ్ల పేర్లకన్నా ముందు ఒక అంకె అడగండి: కిందటేడు ఆడిన ప్రతి 200 నిమిషాల్లో ఎన్ని నిమిషాల ఆటగాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నారని. 2024 వేసవిలో కెంటకీలో స్కాలర్‌షిప్ ఆటగాళ్ల లెక్కన ఆ అంకె సున్నా.