‘అంతటా శాంతి’ అని చాటే బంగారు నాణెం గారికి

నమస్కారం. శ్రీమతి అనాలో శ్రీయుత అనాలో తేలక ‘నాణెం గారు’ అంటున్నాను. తప్పు నాది కాదు. మీ మీద ఉన్నది రోమన్ చక్రవర్తి గల్లియెనుస్ ముఖం, గడ్డంతో సహా. చుట్టూ చెక్కిన మాట మాత్రం ‘గల్లియెనే అగుస్తే’. స్త్రీలింగం! గడ్డం ఉన్న మహారాణి అన్నమాట.

ఈ ఒక్క ప్రత్యయం మీద పండితులు తరాల తరబడి తల బద్దలు కొట్టుకున్నారు. శత్రువులు వెటకారంగా ముద్రించారని స్పాన్‌హైమ్ అనే పండితుడు అన్నాడు. మరొకాయన గల్లియెనా అనే చుట్టాన్నే వెతికి తెచ్చాడు. తల మీది ధాన్యపు వెన్నుల దండ చూసి, చక్రవర్తి పంటల దేవత వేషం కట్టాడని కొందరు సర్దిచెప్పారు. ‘ఓ గల్లియెనుస్ చక్రవర్తీ’ అని సంబోధన రాయబోయి అక్షరదోషం చేశారని ఇంకొందరు. నాకైతే ఈ చివరివాళ్ల మీదే గురి. పెళ్లి శుభలేఖలు అచ్చు వేయించినవాణ్ని.

మిమ్మల్ని తిప్పితే ‘ఉబీక్వే పాక్స్’. అంతటా శాంతి! క్రీ.శ. 260లో చక్రవర్తి కన్నతండ్రి వాలెరియన్ పర్షియా రాజుకు బందీగా చిక్కాడు. అదే ఏడు సేనాని పోస్టుమస్ గాల్‌ను (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని) చీల్చుకుపోయాడు. 267లో హెరూలీలనే దండయాత్రికుల తెగ ఏథెన్స్‌ను దోచుకున్నారు. మరుసటి ఏడు మిలాన్ దగ్గర చక్రవర్తిని సొంత మనుషులే చంపారు. నేతి బీరకాయలో నెయ్యి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

మీరు బంగారం కాబట్టి చెల్లింది. మీ పేద బంధువులు, అంతోనినియానుస్‌లు అనే నాణేలు, పేరుకే వెండి. గల్లియెనుస్ పాలన చివరికి వాటిలో వెండి నూటికి అయిదు పాళ్లు కూడా లేదు. పైన పటారం, లోన లొటారం. అలాంటిదొకటి నా దగ్గర ఉంది. దాని మీద ఉన్నది శాంతి దేవత. మెరుస్తుందని చింతపండుతో తోమాను. వెండి పూతతోపాటు దేవత కూడా పోయింది. (నాణేలు సేకరించేవాళ్లు ఇలా తోమరట. ఇప్పుడు తెలుసు.)

మీకంటే పాత రోమన్ బంగారు నాణేలు మా నాగార్జునకొండలో దొరికాయి. అలాంటివాటికి మన కంసాలులు నకళ్లూ చేశారు. లాటిన్ రాదు కనుక బొమ్మ దించి, అక్షరాల చోట ఏవో గీతలు, సున్నలు పెట్టేశారు. వాటి మీద శాంతీ లేదు, మహారాణీ లేదు. బంగారం మాత్రం ఉంది.

ఇట్లు,
శాంతిని చింతపండుతో తోమేసినవాడు