మే నెల ఉక్కపోతలో నిలిచే సీరమ్ కావాలి

ముఖానికి రాసుకునే పలచటి ద్రావణాలు, అదే ఫేస్ సీరమ్‌ల ప్రకటనల్లో నెలకో కొత్త పేరు: పెప్టైడ్లు, ఎక్సోజోములు, ఇంకా ఏవేవో. కొత్తవి రానివ్వండి, కానీ ఉన్న మంచి పదార్థాలు గోదావరి జిల్లాల మే నెలలో సీసాలో పాడవకుండా, మన రంగు చర్మాలకి సరిపడేలా చూడటమే ఇప్పుడు జరగాల్సిన అసలు పరిశోధన అని నా గట్టి నమ్మకం.

విటమిన్ సి సంగతే చూడండి. దాని అసలు రూపమైన ఆస్కార్బిక్ యాసిడ్ చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్ (పులుపుని చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 3.5 కంటే తక్కువ ఉండాలి, పైగా దానికి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. అమలాపురంలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు రేకుల గదిలో గడిపిన డ్రాపర్ సీసా తెరిచి చూస్తే, కొన్నప్పుడు లేతగా ఉన్న సీరమ్ ముదురు గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. అప్పటికే అందులో పనికొచ్చేది చాలావరకు పోయినట్టే. 2005లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణంలో మొక్కల్లో దొరికే ఫెరులిక్ యాసిడ్ అర శాతం కలిపి చూశారు. విటమిన్లు నిలకడగా ఉండటమే కాక, ఎండ నుంచి చర్మానికి దొరికే రక్షణ నాలుగు రెట్ల నుంచి దాదాపు ఎనిమిది రెట్లకి పెరిగింది.

ఆ ఫెరులిక్ యాసిడ్‌ని తవుడు నూనెలో ఉండే ఒరైజనాల్ అనే పదార్థం నుంచి తీయొచ్చు. మన రైస్ మిల్లుల్లో గుట్టలుగా పడే తవుడే! కాకపోతే బియ్యం పట్టిన కొద్ది గంటల్లోనే తవుడులోని ఎంజైము నూనెని పాడుచేయడం మొదలుపెడుతుంది, కనరు వాసన వచ్చేస్తుంది, కాబట్టి వెంటనే వేడి చేసో నూనె తీసో కాపాడుకోవాలి. రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్ అనే పదార్థం, కొబ్బరి నూనె నుంచి ఫేస్‌వాష్‌లో నురగ తెప్పించే బీటైన్ కూడా ఇలాంటివే. సరుకు మన దగ్గర ఉన్నప్పుడు ఫార్ములా మీద పని కూడా ఇక్కడ జరగాలని అడగడంలో తప్పేముంది?

ఇక రంగు విషయం. 2010లో అమెరికాలోనే వచ్చిన ఒక అధ్యయనంలో, మామూలుగా కంటికి కనిపించే వెలుతురు కూడా చామనఛాయ, నల్లని చర్మాల్లో నలుపు తెప్పిస్తుందని, అది చాలా రోజులు ఉంటుందని తేలింది. తెల్లని చర్మాల్లో అది కనిపించలేదు. మంగు మచ్చలున్న మన ఆడవాళ్లకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని పెద్దగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది. కానీ ఆ రంగు మన ముఖాలకి కలవాలి కదా! జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ క్రీములు చాలావరకు ముఖానికి సున్నం కొట్టినట్టు కనిపిస్తాయి, అందుకే రాయడం మానేస్తారు.

ధర కూడా ఫార్ములాలో భాగమే. సన్‌స్క్రీన్ డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అంకె, అంటే ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె, చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలిచినది. అంత మందంగా, రెండు గంటలకోసారి రాస్తే 50 గ్రాముల ట్యూబు ఎన్నాళ్లొస్తుంది? నాట్లు వేసే మనిషికి, చెరువు గట్టు మీద మేత చల్లే కుర్రాడికి అది అయ్యే పని కాదు. వాళ్లకి ఇప్పటికీ తలపాగా, పొడుగు చేతుల చొక్కానే దిక్కు.

మంచిది అందకపోతే ఆ ఖాళీలోకి చెడ్డది వస్తుంది. తెల్లబడటానికని పాదరసం కలిపిన క్రీములు వాడి 2023లో కేరళలో కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన దేశంలో ఇలాంటి క్రీముల్లో పాదరసం కలపడం నిషేధం, అయినా దొరుకుతున్నాయి. తామరకనో మచ్చలకనో డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ ట్యూబు ఇచ్చేయడం ఇంకో జబ్బు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎండలోకి వెళ్తే మండుతుంది.

కాకినాడ, భీమవరం చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల పిల్లలు ప్రాజెక్టుగా ఒక పని చేయొచ్చు. బజార్లో అమ్మే విటమిన్ సి సీరమ్‌లు నాలుగైదు తెచ్చి, ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే రెండు నెలలూ ఉంచి, వారం వారం ఎంత విటమిన్ మిగిలిందో అయోడిన్ టైట్రేషన్‌తో (రంగు మారేదాకా అయోడిన్ ఎన్ని చుక్కలు పట్టిందో చూసే పద్ధతి) కొలిచి, కంపెనీ పేరుతో సహా ఫలితాలు తెలుగులో పెట్టాలి. బ్యూరెట్ అనే కొలత గొట్టం, అయోడిన్, రంగు తెలియడానికి కాస్త గంజి ఉంటే మొదలుపెట్టొచ్చు.