రొయ్యల ఆయుష్షు మీదకి తప్పు తోయకండి

"రొయ్యలంతే మేడమ్, వాటి ఆయుష్షే తక్కువ."

ఈ మాట ఇవాళ పొద్దున ఒక అక్వేరియం షాపాయన మా పక్క ఫ్లాట్ ఆవిడతో అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అనేసి ఊరుకోలేదు, ఇంకో పది రొయ్యల్ని వలతో తీసి కవర్లో వేశాడు. "ఈసారి నీళ్లన్నీ పారబోసి, కొత్త నీళ్లు పట్టి వేయండి" అని సలహా కూడా ఇచ్చాడు. నేను అడ్డుపడి, ఆ ట్యాంక్ ఇంకా రెడీ కాలేదు, ఇప్పుడు వేస్తే ఇవీ చచ్చిపోతాయి అన్నాను. "మీకు అంత తెలిస్తే మీరే షాపు పెట్టుకోండి" అన్నాడు. ఇంటికి వచ్చి ఇంతసేపైనా నా కోపం తగ్గలేదు.

జరిగింది ఇది. వాళ్ల పాప ఎనిమిదో క్లాసు. ఎప్పటి నుంచో అడుగుతోందని నిన్న సాయంత్రం తీసుకెళ్లి "నానో ట్యాంక్ సెట్" కొనిచ్చారు. చిన్న గాజు తొట్టి, నీలం రంగు వేసిన గులకరాళ్లు, రెండు కట్టల మొక్కలు, ఒక ఫిల్టర్, పది ఎర్ర చెర్రీ రొయ్యలు, వాటితో పాటు రెండు గోల్డ్ ఫిష్‌లు. అన్నీ ఒకే సంచిలో, ఒకే బిల్లులో. ఇంటికి వచ్చి కుళాయి నీళ్లు పట్టి, షాపాయన ఇచ్చిన సీసాలోంచి రెండు చుక్కల మందు వేసి, అరగంటలో అన్నిటినీ అందులో వదిలేశారు. పొద్దున్నే పాప లేచి చూస్తే సగం రొయ్యలు పాలిపోయి అడుగున పడి ఉన్నాయి. మిగిలిన సగాన్ని గోల్డ్ ఫిష్‌లు తినేశాయి. ఆ పిల్ల స్కూలుకి వెళ్లనని మా ఇంటికొచ్చి "ఆంటీ, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఏం చెప్పాలి? నువ్వేం చేయలేదమ్మా, నీకు అమ్మినవాడు నోరు తెరిచి నిజం చెప్పలేదు అన్నాను.

చెర్రీ రొయ్య ఏడాది నుంచి రెండేళ్లు బతుకుతుంది. ఒక్క రాత్రి కాదు. ఆడరొయ్య పొట్ట కింద గుడ్లు పెట్టుకుని దాదాపు నెల రోజులు మోస్తుంది. కాళ్లతో ఎప్పుడూ వాటిని విసురుతూ గాలి ఆడేలా చూసుకుంటుంది. పొదిగితే పిల్లలు తల్లి రూపంలోనే, మిల్లీమీటర్ల సైజులో బయటికి వస్తాయి. నాచులో అవి గుంపులుగా పాకడం ఒక్కసారి చూసినవాళ్లు టీవీ రిమోట్ మర్చిపోతారు. అలాంటి జీవికి ఆయుష్షు తక్కువ అని ముద్ర వేసి, చావుల మీద వ్యాపారం చేస్తున్నారు. రొయ్య బతికితే మళ్లీ కొనరు కదా.

అసలు చెప్పాల్సింది ఎంత? రెండు నిమిషాల మాట. నీళ్లు పోసిన రోజే జీవాన్ని వేయకూడదు. రొయ్య విసర్జన, మిగిలిపోయిన మేత, కుళ్లిన ఆకు, అన్నీ నీళ్లలో అమ్మోనియా అనే విషం అవుతాయి. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది, నైట్రేట్‌ని మొక్కలు పీల్చుకుంటాయి. ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో, మొక్కల మీద నిలదొక్కుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు కావాలి. దీన్నే సైక్లింగ్ అంటారు. సైకిల్ అవ్వని ట్యాంక్ మురుగు పోయే దారి లేకుండా కట్టిన ఇల్లు. పీహెచ్ ఎక్కువ ఉండి, ఎండాకాలం నీళ్లు వేడెక్కితే అంతే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. ఇలాంటి నానో ట్యాంక్‌లో నీళ్లే తక్కువ, తప్పు జరిగితే ఆ విషం కలిసి పలచబడటానికి అవి చాలవు. చిన్న ట్యాంక్ పిల్లలకి తేలిక అని అమ్ముతున్నారు చూడండి, అది ఇంకో అబద్ధం. చిన్నదే కష్టం.

ఇక క్లోరిన్. కృష్ణా నీళ్లయినా, మంజీరా నీళ్లయినా, గోదావరి నీళ్లయినా హైదరాబాద్ కుళాయిలోకి వచ్చేది క్లోరిన్ కలిసే వస్తుంది. మనం తాగడానికి అది ఉండాలి. రొయ్య మొప్పలకి మాత్రం అది ప్రాణాంతకం. బకెట్‌లో ఒక రోజు వదిలేయడమో, క్లోరిన్ తీసే మందు వేయడమో చేయాలి. పోనీ అని కొంతమంది ఆర్‌వో నీళ్లు పోస్తారు. అందులో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు, రొయ్య గుల్ల వదిలేటప్పుడు సరిగ్గా వదల్లేక మెడ దగ్గర తెల్లగా చీలి చచ్చిపోతుంది. బోరు నీళ్లు ఒక్కో కాలనీలో ఒక్కోలా ఉంటాయి, కొన్నిచోట్ల గ్లాసు మీద తెల్ల మరకలు పడేంత గట్టి నీళ్లు. ఆర్‌వో, బోరు నీళ్లు రెండూ కలిపి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 150 నుంచి 250 మధ్యకి తెచ్చుకుంటే చెర్రీ రొయ్యలు హాయిగా ఉంటాయి. దాన్ని కొలిచే మీటర్ వందల్లోనే దొరుకుతుంది. ఆ షాపులో గాజు అలమారలో కూడా ఉంది! అమ్మిన బిల్లులో మాత్రం లేదు. రంగు రాళ్లు ఉన్నాయి.

ఆ సీసా మందు గురించి కూడా అడిగాను. అందులో ఏముందో దాని మీద రాసి లేదు, ఆయనకీ తెలియదు. చేపల మచ్చల రోగానికి అమ్మే మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది. రాగి చేపకి మందు, రొయ్యకి విషం. ఏముందో తెలియని సీసాని పిల్ల చేతికి ఇచ్చి రెండు చుక్కలు వేయమ్మా అని ఎలా చెప్పారు?

దోమల మందు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నా. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, కాయిల్, స్ప్రే, వీటిలో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి రసాయనం. ట్యాంక్ పక్కన ఎయిర్ పంప్ ఏం చేస్తుంది? గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి కొడుతుంది. రొయ్య పురుగులకి దగ్గరి చుట్టం, పురుగుని చంపేది దాన్నీ చంపుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఫాగింగ్ వాళ్లు చెప్పకుండా వస్తారు, ప్రతిసారీ నేను పరుగెత్తి పంప్ ఆపి ట్యాంక్ మీద దుప్పటి కప్పాలి. వాట్సాప్ గ్రూపులో ముందురోజు ఒక మెసేజ్ పెట్టమని అసోసియేషన్‌ని ఎన్నిసార్లు అడిగినా "రొయ్యల కోసమా?" అని నవ్వు బొమ్మలు.

అవును, రొయ్యల కోసమే.

నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇదే. మాది భీమవరం దగ్గర పల్లె. దేశంలో సాగు చేసే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక మా వైపు వరి చేలు ఎన్ని చెరువులయ్యాయో అక్కడివాళ్లకి తెలుసు. మా బాబాయి పెద్ద చదువు చదవలేదు. చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబుకి తీసుకెళ్లి అమ్మోనియా ఎంత, పీహెచ్ ఎంత, ఆల్కలినిటీ ఎంత అని అడిగి తెచ్చుకుంటాడు. సీడ్, అంటే రొయ్య పిల్లలు, తెచ్చిన రోజు సంచుల్ని చెరువులో తేలేసి, వేడి సమానమయ్యాక కొంచెం కొంచెంగా చెరువు నీళ్లు కలిపి, అప్పుడు వదులుతాడు. అమావాస్యకీ పున్నానికీ గుల్ల వదులుతాయని మేత తగ్గిస్తాడు, మినరల్స్ చల్లిస్తాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్ల చప్పుడు వింటూ నిద్రపోతాడు, చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. ఇదంతా మా ఊళ్లో పదోక్లాసు పిల్లాడు కూడా చెబుతాడు. అలాంటి తెలుగు నేల మీద, హైదరాబాద్ నడిబొడ్డున, రొయ్యలు అమ్ముకుని బతికే మనిషి అమ్మోనియా అంటే నా మొహం చూస్తాడా? ఆ తేలేసే పద్ధతే ఇక్కడా. సన్న ఎయిర్ పైపుకి ముడి వేసి, చుక్కలు చుక్కలుగా ట్యాంక్ నీళ్లు గంటో రెండు గంటలో కలపాలి. అది చెప్పడానికి డబ్బు ఖర్చవుతుందా?

చుట్టాలు వస్తే ఇంకో బాధ. "ఎప్పుడు వండుతున్నావ్?" వచ్చిన ప్రతివాళ్లూ అదే జోక్, అందరూ తామే మొదట అన్నట్టు నవ్వుతారు. నేనూ రొయ్యల ఇగురు తింటాను, తిననని ఎవరికీ చెప్పలేదు. కానీ ఈ రెండు సెంటీమీటర్ల జీవం ఒక గడ్డి పోచ మీద కూర్చుని నిమిషానికి ఎన్నిసార్లు ఆ చిన్న చేతులు నోటికి తీసుకెళ్తుందో వంగి చూడండి ఒక్కసారి. తర్వాత నవ్వండి.

ఇంకో మాట కూడా విన్నాను ఇవాళ. పక్కావిడ వాళ్ల అత్తగారు ఊరడింపుగా అన్నారు, "పోనీలే, ఇంటికి రావాల్సిన కీడు అవి తీసుకుపోయాయి." ఆవిడ మంచి మనసుతోనే అన్నారు, నాకు ఆవిడ మీద కోపం లేదు. కానీ ఈ మాట మన ఇళ్లలో ఎన్ని చావుల్ని కప్పేసింది! ఈశాన్యంలో చేపల తొట్టి పెట్టమంటారు, పెడతారు, ఫిల్టర్ కరెంటు బిల్లని రాత్రి ఆపేస్తారు, పొద్దున చేప తేలుతుంది, దిష్టి పోయిందంటారు, మళ్లీ ఇంకోటి తెస్తారు. దిష్టి కాదండీ, అమ్మోనియా. కాగితం స్ట్రిప్ ముంచితే రంగు మారి చెబుతుంది.

షాపుల మీద నా కోపం ఇవాల్టిది కాదు. సక్కర్ చేప తెలుసు కదా, "అద్దం శుభ్రం చేసే చేప" అని రెండంగుళాలది ప్రతి తొట్టితోనూ అంటగడతారు. అది దక్షిణ అమెరికా జీవి, అడుగున్నర దాకా పెరుగుతుంది. అమ్మేటప్పుడు ఆ సంగతి ఒక్కరు చెప్పరు. తొట్టిలో పట్టనప్పుడు జనం ఏం చేస్తారు? చంపడానికి మనసొప్పక చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు, పుణ్యం చేశామనుకుంటారు. అది నీళ్లలో గాలి తగ్గినా పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మా వైపు రైతులు దాన్ని దెయ్యం చేప అంటారు. బాబాయి వనామీకి మారకముందు బొచ్చె, శీలావతి చేపలు వేసేవాడు. ఒకసారి పట్టుబడికి వల లాగితే నల్లగా ముళ్ల చేపలు కుప్పలుగా వచ్చాయి, వల చిరిగిపోయింది, అవి తిన్న మేతంతా దండగ. గట్టు మీద కూలబడి "ఇవి ఎక్కడి నుంచి వచ్చాయే" అని నన్ను అడిగాడు. కాలవ నీళ్లతో వచ్చాయి బాబాయ్. కాలవలోకి పట్నం తొట్ల నుంచి వచ్చాయి. ఆ నష్టం ఎవరి బిల్లులో రాయాలి?

నిజంగా శ్రద్ధ ఉన్న షాపులు ఉన్నాయి, చాలా తక్కువ. నాకు తెలిసిన ఒక కుర్రాడు ట్యాంక్ అమ్మి, నెల తర్వాత రమ్మంటాడు, నీళ్ల శాంపిల్ తెస్తేనే రొయ్యలు ఇస్తాడు. అతని దగ్గర రద్దీ ఉండదు. రద్దీ ఉండేది పక్క షాపులో, సాయంత్రం కొంటే రాత్రికి రెడీ అనే చోట. ఇన్‌స్టాగ్రామ్‌లో తకాషి అమానో (మొక్కల ట్యాంకులకి పేరుపొందిన జపాన్ ఆయన) శైలి ట్యాంకుల ఫొటోలు చూసి అదే పచ్చదనం మొదటి రోజే కావాలంటారు. అలాంటి పచ్చిక పెరగడానికి నెలలు పడుతుంది, అమానో స్వయంగా పాచి తినడానికి రొయ్యల్ని పనిలో పెట్టి మరీ కాచుకున్నాడు. పాచి అంటే గుర్తొచ్చింది, కొత్త ట్యాంక్‌లో గోధుమ రంగు పాచి పడితే భయపడి అంతా కడిగేయకండి. రొయ్యలకి అసలు తిండి ఆ సన్నటి జిగురు పొరే. తళతళలాడే ట్యాంక్‌లో రొయ్య ఆకలితో ఉంటుంది.

ఆ పాప ట్యాంక్‌ని మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని మళ్లీ కట్టాం. గోల్డ్ ఫిష్‌లని ఆ కుర్రాడి షాపులో పెద్ద ట్యాంక్‌కి ఇచ్చేశాం. వాటికి ఆ తొట్టి ఎప్పటికీ చాలదు. రంగు రాళ్లు తీసేసి మామూలు నది ఇసుక బాగా కడిగి వేశాం. నా ట్యాంక్ నుంచి జావా నాచు, ఒక అనూబియాస్ మొక్క దుంప, నడుస్తున్న స్పాంజి ఫిల్టర్‌లోంచి ఒక ముక్క పెట్టాం, ఆ ముక్కతో బాక్టీరియా కూడా వెళ్తుంది. రొయ్యలు లేవు ఇంకా. పాప నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రోజూ అమ్మోనియా, నైట్రైట్ రాస్తానంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరికైనా నాచు కావాలంటే మెసేజ్ చేయండి, డబ్బులొద్దు. రొయ్యలు కూడా ఇస్తాను. కాకపోతే ట్యాంక్‌లో నీళ్లు పోసి ఎన్ని వారాలైందో అడుగుతాను, అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష ఫొటో పంపమంటాను. రెండూ సున్నా చూపించినప్పుడు వచ్చి తీసుకెళ్లండి.