మహారాజశ్రీ ‘థ్రెషోల్డ్’ ఎపిసోడ్ గారికి

అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ వాయేజర్ రెండో సీజన్ పదిహేనో నంబరులో కాపురముంటున్న థ్రెషోల్డ్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు 1996 జనవరిలో పుట్టారు, ఇన్నేళ్ళలో కాస్తో కూస్తో బుద్ధి వచ్చి ఉంటుందిలే అనుకుని నిన్న ఆదివారం భోజనాలయ్యాక మళ్ళీ పెట్టుకున్నాను. రాలేదు.

తప్పు నాదే లెండి. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి దగ్గర నెల రోజుల్నుంచి మీ వంశం గురించి డప్పు కొడుతున్నా, మన సీరియళ్ళలో అత్తగారు తలుపు తీసి లోపలికి రావడానికే మూడు రోజులు పడుతుంది, ఇదైతే లాజిక్ అంటే లాజిక్కు అని. మొదటి సీజన్ నుంచి వరసగా చూపిస్తూ వస్తున్నా, మీ నంబరు వచ్చేసరికి స్కిప్ కొడదామని వేలు బటన్ దాకా వెళ్ళింది కూడా. కానీ ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక్క కంప్యూటర్ ముందు ఆరుగురం కూర్చుని చూసినప్పుడు తమరు భలే అనిపించారు, ఆ గుర్తు కొద్దీ ఆగిపోయా. ఆ వయసులో మెస్సులో సాంబారు కూడా భలే ఉండేది.

మొదటి సగం గురించి నాకు ఏ పేచీ లేదు. వార్ప్ 10 అంటే అనంతమైన వేగం, దాన్ని అందుకున్నవాడు విశ్వంలో అన్నిచోట్లా ఒకేసారి ఉంటాడు, ప్రహ్లాదుడు చెప్పిన లెక్కలో స్తంభంలోనూ ఉంటాడు, ఇది విని మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది, పెట్టిందండీ, నా కళ్ళతో చూశా. వాయేజర్ ఓడ పైలట్ టామ్ పారిస్ షటిల్ అనే చిన్న బండిలో వెళ్ళాడు, మాయమయ్యాడు, మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చాడు. తర్వాత ఓడలో వంటవాడు నీలిక్స్ పెట్టిన కాఫీ తాగుతూ కుప్పకూలాడు, నీళ్ళే పడటం లేదన్నారు, చచ్చిపోయాడు, రెండు గుండెకాయలతో లేచాడు, జుట్టు ఊడింది, నాలుక ఊడి చేతిలోకి వచ్చింది. ఆ నాలుక దగ్గర మా అమ్మాయి దిండు అడ్డం పెట్టుకుంది, నేను లోపల్లోపల గర్వపడ్డాను. మేకప్పుకి తమరికి ఎమ్మీ అవార్డు ఇచ్చారు, అది న్యాయమే, కాదనను. పారిస్ వేషం వేసిన ఆ కుర్రాడు కూడా ఒళ్ళంతా ఆ రబ్బరు వేసుకుని ప్రాణం పెట్టి చేశాడు పాపం.

అక్కడితో ఆగొచ్చుగా తమరు? ఆగరు. వాడు కెప్టెన్ జేన్‌వేని ఎత్తుకెళ్ళి మళ్ళీ వార్ప్ 10 కొడతాడు, మూడు రోజులకి మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళ్తే ఓ బురద గ్రహం మీద ఇద్దరూ బల్లులైపోయి ఉంటారు. సాలమాండర్లు అనాలట, మా ఆవిడ మాత్రం బల్లులే అంది. అదే మనిషి పరిణామానికి చివరి మెట్టట, లక్షల ఏళ్ళ ఎదుగుదల ఒక్క రోజులో జరిగిపోతే మనం తేలేది అక్కడట. సరే, కొంతమందిని చూస్తే నాకూ ఆ అనుమానం ఉంది, ఒప్పుకున్నాం. ఆ తర్వాత డాక్టర్ యాంటీప్రోటాన్ కిరణాలు పట్టించి ఇద్దర్నీ మళ్ళీ మామూలు మనుషుల్ని చేసేస్తాడు. పక్కపక్క మంచాల మీద లేచి కూర్చుని జోకులేసుకుంటారు. శుభం.

అప్పుడడిగింది మా అమ్మాయి, తాపీగా, చెగోడీ కొరుకుతూ. “నాన్నా, జబ్బుకి మందు దొరికింది కదా. మరి అందరూ వార్ప్ 10లో ఇంటికెళ్ళిపోయి, బల్లులయ్యాక మందు వేసుకోవచ్చు కదా?”

థ్రెషోల్డ్ గారూ, నిన్న మధ్యాహ్నం మూడున్నర నుంచి నేను ఆ ప్రశ్నతోనే బతుకుతున్నాను.

ఎందుకంటే అసలు మీ సీరియల్ మొత్తానికీ ఉన్న కథ అదొక్కటే. ఓడ 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుపడింది, ఉన్న స్పీడుతో ఇంటికి రావాలంటే 75 ఏళ్ళు. అలాంటిది దారీ దొరికింది, దారిలో వచ్చే రోగానికి మందూ దొరికింది, వాడు ఊరి బస్సు స్టాండులోకి వచ్చినట్టు కరెక్టుగా బయల్దేరిన చోటే దిగి చూపించాడు, ఇంకేం కావాలి మీకు, ముహూర్తమా? డాక్టరేమో హోలోగ్రామ్, అంటే కంప్యూటర్ వెలుగుతో గీసిన బొమ్మ, ఆయనకి ఒంట్లో డీఎన్ఏనే లేదు, బల్లి అయ్యే భయమే లేదు. అప్పటికింకా ఆయన సిక్‌బే, అదే ఓడలో ఆసుపత్రి గది, దాటి బయటికి రాలేడు అంటారా, అన్నాను నేను కూడా, మా అమ్మాయితో, నిన్ను కాపాడదామని. “ఆ మందు కంప్యూటర్లో పెట్టి పంపితే సరి కదా, భూమ్మీద డాక్టర్లు లేరా?” అంది. లేరా? చెప్పు! ఇక గారూ లేదు గీరూ లేదు, నా వల్ల కాదు. విడతకి పదిమంది చొప్పున పంపినా నెల తిరక్కుండా నూటయాభై మందీ ఇంట్లో ఉండేవాళ్ళు. అలా కాకుండా నీ తర్వాత ఇంకో 130 పైచిలుకు ఎపిసోడ్లు, 2001 దాకా, అడ్డమైన సొరంగాల్లో దూరి, కనపడ్డ ప్రతివాడితో గొడవపడి, ఇల్లెప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూస్తూ ఏడ్చారే, ఒక్కడంటే ఒక్కడు, ఒక్కసారి, “అప్పుడు మనవాడు బల్లయ్యాడు చూడండి...” అని మాటవరసకైనా అనలేదు!

ఇంకోటి. ఓడలోనే ఉంటూ దొంగచాటుగా కబుర్లు మోసే జోనస్ గాడు ఆ వార్ప్ 10 వివరాలన్నీ శత్రువులైన కాజోన్లకి పంపించేశాడు కదా, వాళ్ళేం చేసుకున్నారు వాటిని? ఊరగాయ పెట్టుకున్నారా? ఓడలో కుర్ర ఆఫీసరు హ్యారీ కిమ్‌కి ఏడేళ్ళూ ప్రమోషన్ ఇవ్వకపోవడం, మొదట్లో 38 అని లెక్క చెప్పిన టార్పెడోలు ఎన్ని పేల్చినా అయిపోకపోవడం ఇవన్నీ నీ అన్నదమ్ముల పాపాలు, నీ ఖాతాలో రాయను. నీది నీకే చాలు.

కోపంలో ఒక మాట ఎక్కువ అన్నానేమో. అయినా నిజం చెప్పాలంటే మా అమ్మాయి నెల రోజుల్లో ఏ ఎపిసోడ్ గురించీ ఇంతసేపు మాట్లాడలేదు. మీ తర్వాతది, ‘మెల్డ్’, చాలా మంచి ఎపిసోడ్, అది నోరు మూసుకుని చూసింది. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ మీ గొడవే, పప్పు గిన్నె షటిల్ అనుకో నాన్నా అంటూ.

ఇట్లు,
తమ పాత అభిమాని

తా.క. ఆ బురదలో జేన్‌వేకీ పారిస్‌కీ పుట్టిన మూడు పిల్లల్ని, కెప్టెన్ తర్వాత కెప్టెనంతటివాడు చకోటే అక్కడే వదిలేసి రమ్మన్నాడు కదా. మీకది పది సెకన్ల సీను. మా ఆవిడ అప్పుడేమీ అనలేదు. రాత్రి పదిన్నరకి గ్రైండర్ కడుగుతూ కడుగుతూ ఆపి అడిగింది, “ఏమండీ, ఆ మూడూ ఏం తిని బతుకుతాయండీ?”