ఆర్థర్ రోజెన్‌బర్గ్‌ని లెఫ్ట్ వాళ్లు మళ్లీ చదవాలి

రోజెన్‌బర్గ్ అనగానే చాలామందికి నాజీ సిద్ధాంతకర్త ఆల్‌ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ గుర్తొస్తాడు. ఈయన వేరు. ఆర్థర్ 1889లో బెర్లిన్‌లో, యూదు మూలాలున్న కుటుంబంలో పుట్టాడు, ప్రాచీన రోమ్ చరిత్ర చదివి పేరు తెచ్చుకున్నాడు, 1924 నుంచి 1928 దాకా జర్మన్ పార్లమెంటు రైక్‌స్టాగ్‌లో సభ్యుడిగా ఉన్నాడు. ఫాసిజం మీద 1934లో ఆయన రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది, అందుకే ఈ నాలుగు మాటలు.

మొదట్లో ఆయనకి విప్లవంతో సంబంధమే లేదు. గురువు ఎడ్వర్డ్ మేయర్ పక్కా జాతీయవాది, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శిష్యుడు పనిచేసింది సైన్యం ప్రెస్ ఆఫీసులో. 1918లో చక్రవర్తి పాలన కూలాకే లెఫ్ట్ వైపు వచ్చాడు, 1920లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అక్కడ కూడా రూత్ ఫిషర్, వెర్నర్ షోలెమ్‌ల అతివాద వర్గంలో ఉన్నాడు, విప్లవం కన్నా సంస్కరణల దారి పట్టిన సోషల్ డెమోక్రాట్లతో కలిసి పనిచేద్దామంటే ఒప్పుకోని వర్గం అది. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు, దానిలో ఆయన వాటా ఆయనకుంది. 1927లో పార్టీకి రాజీనామా చేశాడు. కానీ కోపంతో అవతలి శిబిరంలోకి దూకలేదు, సోషలిస్టుగానే ఉండిపోయి రాసుకున్నాడు. ఇది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

1918లో జర్మనీ ఎందుకు ఓడిపోయిందో తేల్చడానికి రైక్‌స్టాగ్ వేసిన విచారణ కమిటీలో ఆయన సభ్యుడు. సైన్యాన్ని లెఫ్ట్ వాళ్లు వెన్నుపోటు పొడిచారని రైటిస్టులు ప్రచారం చేస్తున్న రోజులవి. ఆ అనుభవంతో 1928లో జర్మన్ రిపబ్లిక్ పుట్టుక మీద పుస్తకం తెచ్చాడు. 1918 అక్టోబర్‌లో పార్లమెంటరీ ప్రభుత్వం వచ్చింది జనం పోరాడి గెలిచినందుకు కాదు, యుద్ధం ఓడిపోయిందని తెలిసిన జనరల్ లూడెన్‌డార్ఫ్ అడిగినందుకు అన్నది అందులోని వాదన. ఆయన తర్వాత రాసిన రిపబ్లిక్ చరిత్ర ప్రకారం, నవంబర్‌లో కార్మికులు, సైనికులు ఎన్నుకున్న మండళ్లు నిజమైన ప్రజాస్వామ్యానికి పునాది అయ్యేవి, కానీ సోషల్ డెమోక్రాట్ నాయకత్వం వాటిని పక్కనపెట్టి పాత అధికారుల్నీ పాత సైన్యాన్నీ అలాగే ఉంచింది. రిపబ్లిక్ సొంత ఇంట్లోనే శత్రువుల్ని పోషించింది.

1933లో హిట్లర్ రాగానే దేశం వదిలాడు, స్విట్జర్లాండ్, తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్. ఆ ప్రవాసంలోనే ఫాసిజం పుస్తకం వచ్చింది. ఫాసిజమంటే చిన్న మధ్యతరగతి తిరుగుబాటు అనే వివరణని ఆయన ఒప్పుకోడు, చివరికి అది నిలబెట్టేది పెట్టుబడినే అంటాడు. కానీ డబ్బున్నవాళ్లు గుప్పెడే కదా, మరి అన్ని ఓట్లు ఎక్కడివి? జాతి గర్వం, యూదు ద్వేషం హిట్లర్ కనిపెట్టినవి కావు, 1914కి ముందే విద్యార్థుల్లో, ఉద్యోగుల్లో బాగా పాతుకుపోయాయి. కొత్తగా వచ్చింది ప్రత్యర్థుల్ని వీధుల్లో కొట్టే దళాలు. వాటికీ ముందు ఉదాహరణగా రష్యాలో జార్ చక్రవర్తుల కాలంలో యూదుల మీద, విప్లవకారుల మీద దాడులు చేసిన బ్లాక్ హండ్రెడ్స్ గుంపుల్ని చూపిస్తాడు. ప్రభుత్వం తల్చుకుంటే ఆ దళాల్ని అణచడం కష్టమేమీ కాదు, పోలీసులు, కోర్టులు చూసీచూడనట్టు వదిలేశాయి కాబట్టే బలిశాయి అన్నది ఆయన చెప్పిన అతి ముఖ్యమైన మాట. హిట్లర్ ఒక్కడి మాటకారితనం మీదే కథంతా నడిపేవాళ్లు దీన్ని పట్టించుకోరు.

తర్వాత అమెరికా వెళ్లి బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెబుతూ 1943లో, 53 ఏళ్లకే చనిపోయాడు. ఫాసిజం పుస్తకాన్ని ఇంగ్లీషులోకి 2012లో తెచ్చింది మన దేశానికి చెందిన చరిత్రకారుడు జైరస్ బనాజీ. టైమ్ తక్కువైతే ముందు ఆ దళాల గురించిన భాగం చదవండి.